పుర్రచేతి కొలతలు

టూవుంబాలో జులై పొద్దున.
ఎర్రమట్టి మీద మంచు ఇంకా కరగలేదు.
షెడ్డులో మర్వ్ లిండ్‌క్విస్ట్ నా అరచెయ్యి పట్టుకుని
జాతకం చెప్పేవాడిలా వెలుతురుకేసి తిప్పాడు.
ఆయుర్దాయం ఊసెత్తలేదు. ధనరేఖ వెతకలేదు.
బొటనవేలి సందు నుంచి చూపుడువేలి కొసదాకా
దర్జీ టేపు పెట్టి
"చిన్న చెయ్యి" అన్నాడు.
కాసేపాగి "ఎడమ" అన్నాడు,
తప్పు పట్టినట్టు కాదు, రంగు చెప్పినట్టు.

ముప్పయ్యేళ్లు కుట్టుమిషన్లు బాగుచేసిన మనిషి.
ఇప్పుడు పిస్తోళ్లు.
రెండూ ఒకటేనట: స్ప్రింగు, సూది, నూనె, ఓపిక.

ఆర్నెల్లు క్లబ్బు పిస్తోలుతోనే కాల్చాను.
ఎవరి చేతికీ కుదరనిది, అందరి చేతులూ అరగదీసినది,
సత్రంలో చెంబులాంటిది.
ఇక సొంతానికి ఒకటి కావాలి.
బల్ల మీద నాలుగు పరిచాడు.
మొదటిది అందగత్తె, పట్టుకుంటే ఇటుక.
రెండోది తేలిక, తేలికైనదే గట్టిగా తంతుంది,
బక్కవాళ్ల కోపంలా.
మూడోదాని ట్రిగ్గరు నా వేలికి అందనే లేదు.
నాలుగోది పాతది, బరువైనది, పిడి సన్నం,
స్లైడు మీద ఎవరి ఒరో గీసిన గీతలు.
కళ్లు మూసుకుని గోడకేసి ఎత్తమన్నాడు. ఎత్తాను.
తెరవమన్నాడు.
వెనక సైటు గాడిలో ముందు సైటు
సూదిలో దారంలా నిలబడి ఉంది.

తర్వాత రెండు వారాలు దాన్ని నా వైపుకి తిప్పాడు.
మ్యాగజైన్ వదిలే బొత్తాం అవతలి పక్కకి.
సేఫ్టీ మీట రెండు పక్కలా.
ఒర ఎడమ తుంటికి, మ్యాగజైన్ సంచులు కుడికి.
ముందు సైటులో ఎర్ర పోగు, వెనకది నల్లగా, మూగగా.
"కంటికి ఒక్క పనే చెప్పు."
ట్రిగ్గరు వెంట్రుకంత తేలిక చేయమంటే మాత్రం ఒప్పుకోలేదు.
"నీకు తెలీకుండా పేలిన గుండు నీది కాదు."

రాత్రిళ్లు వంటింట్లో, ఖాళీ పిస్తోలుతో,
గోడ మీద అంటించిన నల్లచుక్కకి గురి.
టక్కు. టక్కు.
సైటు వణక్కపోతేనే లెక్క.
కుక్కరు మూడో కూతకి ఆపేదాన్ని.

చిన్నప్పుడు ఈ చేతికోసం ఎవరూ ఏదీ మార్చలేదు.
చేతినే మార్చారు.
పుర్రచేత్తో పావలా ఇస్తే కొట్టు కామేశం
అందుకోకుండా, గల్లాపెట్టె మీద పెట్టమని
గడ్డంతో చూపించాడు.

ఒక్కటి మర్వ్ వల్ల కూడా కాలేదు.
పేలిన గుల్లలు కుడివైపుకే ఎగురుతాయి,
వేడివేడిగా, నా ముఖం మీదుగా.
"టోపీ పెట్టుకో" అన్నాడు.

శనివారం పోటీ. గ్లెనిస్ చేతిలో టైమరు.
మూడో స్టేజి: ఆరు గుండ్లు,
బలహీనమైన చేత్తో మాత్రమే.
అందరూ ఖాళీ ఎడమచేతులు చాచి
వేళ్లతో గురి చూసుకుంటున్నారు.
నేను కుడిచెయ్యి చాచాను.
గ్లెనిస్ నా ఒర చూసి, చెయ్యి చూసి,
"నీకు బలహీనమైనది ఏది?" అంది.
కుడిది, అన్నాను.
అన్నం కలిపే చెయ్యి. హారతి కళ్లకద్దుకునే చెయ్యి.
దాన్ని అంతమాట నేనే అన్నాను, నలుగురి ముందు.

"స్టాండ్ బై."
బీప్.

అది తొందరపడలేదు.
కాపీ పుస్తకంలో సున్నాలు చుట్టినట్టు
ఒకటి, ఇంకోటి, గీత దాటకుండా.
అయిదు తగిలాయి. ఆరోది ఎటో పోయింది.
మొత్తమ్మీద నలభై ఒకరిలో ముప్పై ఎనిమిదోదాన్ని.
అట్టమీది చిల్లులు వేలితో తడిమి
"దీనికెవరు నేర్పారు?" అన్నాడు మర్వ్.
సుభద్రా టీచరు అంటే ఆయనకేం తెలుస్తుంది,
ఆ స్కేలు అంచు.

స్కోరు కాగితం ముందుకి జరిపింది గ్లెనిస్.
కుడిచేత్తోనే సంతకం పెట్టాను.
ఎడమది జేబులో ఉంది,
కాలరులోంచి తీసిన ఇత్తడి గుల్లని
చల్లారేదాకా పట్టుకుని.